ఆయ్ అన్నవాళ్ళ ఇంటి మీద

దసరా వెళ్ళిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా గువ్వలకుదురు రేవులో పొద్దున్నే జరిగే పని ఒకటుంది. గోదారి దాటించే పంటు కోసం వచ్చినవాళ్ళు, పాలక్యాన్లు మోసుకొచ్చినవాళ్ళు, టీ బడ్డీ దగ్గర ఊరికే నిలబడ్డవాళ్ళు, అందరూ తాము చూసిన పిట్టల కబురు చెప్పుకుంటారు.

"అవతలి లంకలో గూడబాతులు దిగేయండి."

"ఆయ్."

"మా చేలో ఉల్లంకులు పడ్డాయండి, మందకి మంద."

"ఆయ్."

కోనసీమ మనిషికి ఆయ్ అనకుండా మాట వినడం చేతకాదు. మిగతా ఊళ్ళలో ఆయ్ అంటే ఖర్చేమీ లేదు. గువ్వలకుదురులో మాత్రం కాస్త చూసుకుని అనాలి. అక్కడ పిట్టను చూసినవాడు చెప్పి, విన్నవాడు ఆయ్ అంటే, తెల్లారేసరికి ఆ పిట్ట విన్నవాడి ఇంటికి మారిపోతుంది. అది ఎప్పటినుంచీ ఉన్నదే. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంటివాళ్ళు పాలపిట్టను చూసినవాళ్ళ వెంట పడి మరీ చెప్పించుకుంటారు. జామచెట్టు కాపు మీదున్నవాళ్ళు చిలకల ఊసెత్తితే చెవులు మూసుకుంటారు. రొయ్యల చెరువులు వచ్చాక అయితే, తమ గట్టు మీద చేరిన నీటికాకుల్ని పక్క చెరువు రైతుకి చల్లగా అంటగట్టడం ఒక విద్య అయిపోయింది. ఆ విద్యలో శ్రీరాములుగారిని మించినవాడు లేడు. కుశలప్రశ్నలు వేస్తూ, అవతలివాడు ఆయ్ మీద ఆయ్ అంటూండగా, మధ్యలో నీటికాకుల్ని దూర్చేసేవాడు.

సత్తిరాజుకి ఇలాంటి ఎత్తులు తెలియవు. కొబ్బరి దింపు తీయడం అతని వృత్తి. కాళ్ళకి బందం వేసుకుని చెట్టెక్కితే గోదారి అవతలి ఒడ్డు దాకా కనిపిస్తుంది గనక ఊళ్ళో ఏ పిట్టనైనా ముందు చూసేది అతనే. చూసిన వాటిని రేవులో ఎవరికీ చెప్పేవాడు కాదు. శుక్రవారం దాకా దాచి, కువైట్‌లో ఉన్న భార్య సుగుణకి ఫోనులో చెప్పేవాడు.

సుగుణ వెళ్ళి నాలుగేళ్ళయింది. ఇంటిపనికి, రెండేళ్ళకని వెళ్ళింది. ఇంటి యజమాని ఆవిడ పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. అడిగినప్పుడల్లా వచ్చే ఏడు చూద్దాం అంటాడు. గుమ్మం దాటనివ్వరు. శుక్రవారం సాయంత్రం ఒక్కసారి ఫోను చేసుకోనిస్తారు. రేవు దగ్గరున్న ఎస్టీడీ బడ్డీలో సత్తిరాజు, కూతురు యామిని, ఆ ఫోను కోసం బల్ల మీద కూర్చుని ఉంటారు. తల్లి వెళ్ళేనాటికి యామినికి మూడేళ్ళు. ఇప్పుడు ఆ పిల్లకి అమ్మంటే నల్ల రిసీవరులోంచి వచ్చే గొంతు.

"ఈ వారం ఏం వచ్చేయండి?" అనేది సుగుణ.

"లకుముకి పిట్ట. మన బోదె కాలవ మీద కరెంటు తీగ లేదూ, దాని మీద కూర్చుంటంది."

"ఆయ్."

మర్నాటి నుంచి లకుముకి పిట్ట బోదె మీద కనిపించేది కాదు. వచ్చే శుక్రవారం సుగుణ చెప్పేది: "వచ్చిందండి. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పైన కూర్చుంది. చేపలేవీ లేవని నా వంక చూస్తంది." ఇంత దూరం పిట్టలు పోతాయని అంతకు ముందు ఎవరికీ తెలియదు. తెలిశాక ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. టెలిఫోను శాఖ బాగుపడిందన్నారు.

ఆ ఏడు కార్తీకం వెళ్ళేవేళ మూగకొంగ వచ్చింది.

బూడిద రంగు. కొంగకన్నా కాస్త పెద్దది. ముందు ఎవరి కంటపడితే వాళ్ళింటి మీదే వాలి, మెడ లోపలికి లాక్కుని నడికొప్పు మీద కూర్చుంటుంది. అరవదు, మేతకి వెళ్ళదు, కదలదు. అది వాలిన ఇంట్లో పాలు తోడుకోవు. ఆ చుట్టుపక్కల కాకి కూడా నోరెత్తదు. శివరాత్రికి చలితోపాటు వెళ్ళిపోతుంది. వెళ్తూ వెళ్తూ ఆ ఇంట్లోంచి ఒకరిని తీసుకుపోతుంది.

ముందటిసారి అది వచ్చింది తుఫాను ఏడాది. ఆ చలికాలమంతా సరోజినిగారి పెంకుటింటి మీద ఉంది. ఆవిడ ప్రైవేటు బళ్ళో పంతులమ్మ. ఇంకొకరి కొంపకి చిచ్చు పెట్టడం తన వల్ల కాదని ఎవరికీ చెప్పలేదు. శివరాత్రినాడు ఆవిడ భర్త మాణిక్యాలరావుగారు కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. నీళ్ళ చెంబు సగం ఖాళీగా గట్టు మీద ఉంది. పెరటికి వేరే దారి లేదు. గోదారంతా వల వేసి వెతికారు. ఆవిడ ఇప్పటికీ బొట్టు తీయలేదు. ఎవరూ తీయమని అడగలేదు.

అందుకని ఈసారి మూగకొంగ మొదటి ఇంటి మీద వాలగానే ఊళ్ళో మర్యాద చచ్చిపోయింది. ఎవరికి వారు దాన్ని పక్కవాడికి చెప్పేయడానికి తిరిగారు. వియ్యంకుడు వియ్యంకుడికి చెప్పాడు. అప్పచెల్లెళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. సంక్రాంతి నెల పట్టేసరికి ఊళ్ళో ఆయ్ అనే మాట వినపడడం మానేసింది. రేవులో మనుషులు పెదాలు బిగించుకుని నిలబడేవారు. ఎవరైనా ఎండ బాగా కాస్తోందండీ అన్నా తల తిప్పుకునేవారు. పిట్టల కబుర్లు ఆగిపోయాయి. గూడబాతులు వచ్చాయో వెళ్ళాయో అడిగినవాడు లేడు. పొద్దున్నే రేవుకి వస్తే పంటు ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పుట్టి బుద్ధెరిగి ఆ ఊరు అంత భయంగా ఉండడం సత్తిరాజు ఎన్నడూ చూడలేదు.

మాఘమాసంలో ఒకనాడు అతను చెట్టు మీద ఉన్నాడు. గెల నరుకుతున్నాడు. కింద నుంచి శ్రీరాములుగారు కేకేశాడు.

"సత్తిరాజూ! రేపు మా తోటలో దింపు నువ్వే తియ్యాలి!"

"ఆయ్!"

"పొద్దున్నే రావాలి!"

"ఆయ్!"

"పెరటి వైపు మాత్రం రాకు, కొప్పు మీద మూగకొంగ ఉంది!"

"ఆయ్!" అన్నాడు సత్తిరాజు. అని, చేతిలో కత్తి చేతిలోనే ఉండగా, అన్న మాటేమిటో తెలుసుకున్నాడు. కింద చూస్తే శ్రీరాములుగారు పంచె ఎగ్గట్టుకుని గబగబా నడిచిపోతున్నాడు.

తెల్లారేసరికి పిట్ట సత్తిరాజు తాటాకింటి మీద ఉంది.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరు. తనొక్కడే అయితే సరోజినిగారిలాగే నోరు మూసుకుని ఊరుకునేవాడు. కానీ పిట్ట ఎవరిని ఏరుకుంటుందో ఎవరికి తెలుసు? ఎవరికైనా చెప్పేద్దామని రేవుకి వెళ్ళేవాడు. వెళ్తే బడ్డీలో టీ కాచే ముసలాయన కనిపించేవాడు. ఆయన మనవడు ఆయన ఒళ్ళో ఉండేవాడు. ఈ ఇంటికా పంపడం అనుకునేవాడు. తిరిగి వచ్చేసేవాడు. రాత్రిళ్ళు యామిని చెయ్యి తన మొలతాడుకి కట్టుకుని పడుకునేవాడు.

శుక్రవారం వచ్చింది. ఫోను మోగింది.

"ఏం వచ్చేయండి ఈ వారం?"

"ఏం రాలేదు. చలి తగ్గుతోంది కదా."

"ఏవండీ, మన ఊళ్ళో ఎవరూ ఆయ్ అనట్లేదంట కదా? ఇక్కడ వెనకవీధిలో రాజోలావిడ పనిచేస్తంది, మిద్దె మీంచి చెప్పింది. మూగకొంగ ఎవరింటి మీదుంది?"

సత్తిరాజు రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"పిల్లకి ఇవ్వండి ఫోను."

"దాంతో ఏం పని? నేను చెబుతున్నాను కదా ఏం లేదని."

"నాలుగేళ్ళ బట్టి దాని గొంతొకటే కదండీ నాకుంది. ఇవ్వండి."

ఇవ్వకుండా ఎలా ఉంటాడు? ఇచ్చాడు. ఇచ్చి, చెప్పకూడదని కూతురికి కళ్ళతో సైగ చేశాడు. యామిని రిసీవరు రెండు చేతుల్తో పట్టుకుంది. అమ్మ అడిగితే అబద్ధం చెప్పడం ఆ పిల్లకి ఇంకా రాదు.

"మనింటి మీదే ఉందమ్మా. కొప్పు మీద కూర్చుంది. నాన్న నన్ను మొలతాడుకి కట్టుకుంటున్నాడు."

అవతల నుంచి ఆయ్ అన్న మాట సత్తిరాజుకి కూడా వినపడింది. తడబాటు లేదు. ఇంటికొచ్చిన చుట్టానికి కుర్చీ వేసినట్టు, నెమ్మదిగా, నిండుగా అంది.

అతను రిసీవరు లాక్కున్నాడు. "ఎంత పని చేసేవే! వెనక్కి చెప్పు. నాకు చెప్పు, నేను ఆయ్ అంటాను!"

"చెప్పనండి."

"అది మనిషిని తీసుకుపోతుందే!"

"ఇంట్లోంచి ఒకరిని తీసుకుపోతుంది, అంతే కదా. ఇక్కడ ఇంటినిండా జనం. ఎవరిని తీసుకుపోతుందో దానిష్టం. నన్నే తీసుకుపోతే పోనివ్వండి. ఈ ఇంట్లోంచి నన్ను తీసుకెళ్ళడానికి ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు." అంతలోనే మాట మార్చింది. "పిల్లకి తలకి నూనె పెడుతున్నారా?"

లైను తెగిపోయింది.

మర్నాడు కొప్పు ఖాళీగా ఉంది. పాలు తోడుకున్నాయి. ఆ పెరుగు సత్తిరాజు ముట్టుకోలేదు.

తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. ఆ పై శుక్రవారం కూడా రాలేదు. బడ్డీ వాడు రెండుసార్లు ఆ నంబరుకి కలిపి ఇచ్చాడు. ఎవరో అరబ్బీలో విసుక్కుని పెట్టేశారు. ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు. రేవులో మళ్ళీ పిట్టల కబుర్లు మొదలయ్యాయి, ఆయ్‌లు మొదలయ్యాయి. సత్తిరాజు వస్తే మాత్రం ఆగిపోయేవి. ఒక్క సరోజినిగారే దగ్గరికి వచ్చి, అతని పక్కన బల్ల మీద కూర్చుని వెళ్ళేవారు.

శివరాత్రినాడు సత్తిరాజు పనికి వెళ్ళలేదు. పొద్దుటి నుంచి గోదారి గట్టున కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడంటే అతనికే తెలియదు. పిట్ట అటునుంచి పోతుందేమో, దాని కాళ్ళ మధ్య మనిషి కనిపిస్తుందేమో అనుకున్నాడు. ఏమీ పోలేదు. ఎండెక్కాక లేచి ఇంటికి వచ్చాడు.

పెరట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది. గాబు దగ్గర ఒక మనిషి చెంబుతో కాళ్ళు కడుక్కుంటోంది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు పలచబడింది. భుజం మీద తడి గౌను ఒకటి, ఎవరో పరాయి పిల్లది, ఇంకా నీళ్ళోడుతూ వేలాడుతోంది.

"ఎప్పుడొచ్చేవు?" అన్నాడు సత్తిరాజు.

"తెలీదండి. మిద్దె మీద బట్టలు ఆరేస్తన్నాను. పిట్ట లేచింది. ఈ గౌను దులిపేను, కళ్ళు తెరిచేసరికి మన గాబు." ఆవిడ చుట్టూ చూసింది. "పిల్లేదీ?"

యామిని తలుపు చాటు నుంచి చూస్తోంది. ముఖం చూసి గుర్తు పట్టలేదు. గొంతు విని పరిగెత్తుకొచ్చింది. సత్తిరాజు గోడకి చేరగిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఊరు వచ్చి చూసి వెళ్ళింది. ఏం తెచ్చేవని అడిగినవాళ్ళు అడిగారు. విమానం టిక్కెట్టు కలిసొచ్చిందన్నారు కొందరు. తానే గనక చెప్పి ఉండకపోతే ఈ మేలు జరిగేదా అని శ్రీరాములుగారు రేవులో చెప్పుకున్నాడు.

అందరూ వెళ్ళాక సరోజినిగారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"సుగుణా, దారిలో మా ఆయన కనపడ్డారా?"

"దారంటూ లేదు వదినగారూ. గౌను దులిపినంత సేపే."

"అంతేనా?" ఆవిడ గాబు వైపు, దాని గట్టు మీదున్న చెంబు వైపు చూశారు. "మరైతే ఆయన కూడా ఎక్కడో కళ్ళు తెరిచే ఉంటారు కదా. ఇప్పుడు ఏ ఊళ్ళో, ఎవరి పెరట్లో నిలబడ్డారో. దారి అడగడానికి కూడా మొహమాటం ఆయనకి."

సుగుణ ఆవిడని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి పీట వేసింది.

ఆ వేసంగి, ఆ వానలు వెళ్ళాయి. దసరా వెళ్ళగానే సరోజినిగారు బడి మానేశారు. పొద్దున్నే రేవులో నిలబడి వచ్చినవాళ్ళందర్నీ అడిగేవారు, మూగకొంగ ఎవరికైనా కనిపించిందా, కనిపిస్తే తనకే చెప్పండి అని. జనం భయపడి తప్పుకుపోయేవారు. ఆవిడ ఇంటికి సున్నం వేయించుకున్నారు. పెంకులు సర్దించుకున్నారు. సత్తిరాజు ఏ చెట్టెక్కితే ఆ చెట్టు కిందికి వచ్చి నిలబడడం మొదలుపెట్టారు.

మంచు పడుతున్న ఒక ఉదయం అతను తన పెరటి చెట్టు మీద ఉన్నాడు. గోదారి మీద మంచు విడిపోయింది. అవతలి లంక వైపు నుంచి బూడిద రంగుది ఒకటి, రెక్క చప్పుడు లేకుండా, తిన్నగా వస్తోంది. చూసినవాడి ఇంటి మీదే ముందు వాలుతుంది. కిందికి చూస్తే తన కొప్పు కనిపించింది. పెరట్లో సుగుణ యామిని తలకి నూనె రాస్తోంది. చెట్టు మొదట్లో సరోజినిగారు, తల పైకెత్తి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"తమ్ముడూ, ఏమైనా కనపడుతోందా?"

సత్తిరాజు కొబ్బరి మట్టని గట్టిగా పట్టుకున్నాడు. లేదండీ అందామనుకున్నాడు. ఆవిడ మంచి మనిషి. తనింట్లో ఇప్పుడు ముగ్గురున్నారు.

"సరోజినిగారండీ," అన్నాడు. "గోదారి మీంచి..."

"ఆయ్," అన్నారు సరోజినిగారు, అతను చెప్పడం పూర్తికాకుండానే.

పిట్ట సత్తిరాజు కొప్పు దాకా వచ్చింది. దాని మీద ఒకసారి తిరిగి, కొత్తగా సర్దిన పెంకుల ఇంటి వైపు వెళ్ళిపోయింది. సరోజినిగారు కొంగు సర్దుకుని, దాని వెనకాలే ఇంటికి నడిచారు.