నలభై ఒక్క కుర్చీల దాత

ఉమ్ లైస్ ఫోన్‌ను నా బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసం. కొట్టింది.

"చదువు."

చదివాను. 'మీరిచ్చిన నలభై ఒక్క చక్రాల కుర్చీలకు మా సంస్థ కృతజ్ఞతలు.'

"మా ఇంట్లో ఉన్నది ఒక్కటే. మా అత్తగారిది. మిగతా నలభై మా ఆయన ఎవరిళ్లలోంచి ఎత్తుకొచ్చాడు? ఆయన్నింకా అడగలేదు. ముందు నువ్వు చెప్పు నిబాల్."

మూడు నెలల క్రితం ఆమె భర్త, మాంసం కొట్టు అబూ లైస్, ఆ ఒక్క కుర్చీనీ మా సంస్థకిచ్చి నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లో అసలే తెలియకూడదు.

మా ఊరు ఇర్బిద్‌లో ఇది మామూలే. మా దాతల్లో సగం మంది పేరు చెప్పరు. పేరుండాల్సిన చోట 'ఫాయిల్ ఖైర్', అంటే ఎవరో మేలు చేసినవాడు, అని రాయించి వెళ్లిపోతారు. అవసరానికి ఫోన్ నంబర్ మాత్రం ఇస్తారు. అబూ లైస్ ఫోన్ ఎప్పుడూ భార్య చేతిలోనే ఉంటుంది. ఆయన చేతులకు కొవ్వు కదా.

తప్పు నాదే. దాతల వివరాలుండే మా సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఐదారు దేశాల సేవాసంస్థలు కలిసి రాసుకుంటున్నాం. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఒకరు రాసింది మరో ఊరివాళ్లు పరీక్షించి ఒప్పుకుంటేనే లోపలికి వెళ్తుంది. ఒకే పేరు రెండుసార్లు నమోదైతే కలిపేసే ముక్క పోయిన వారం నేను రాశాను. స్ఫాక్స్ ఊరి సంస్థలో పనిచేసే జుహైర్ తన జాబితా మీద పరీక్షించి భేష్ అన్నాడు. అక్కడి దాతలు తాత పేరుతో సహా రాయిస్తారు మరి!

తలా ఒక కుర్చీ ఇచ్చిన మా నలభై ఒక్కమంది అనామకులూ ఒక్క మనిషైపోయారు. ఆ ఒక్క మనిషికి మిగిలిన నంబర్ అబూ లైస్‌ది. పదికి పైగా ఇచ్చినవాళ్లకు కృతజ్ఞతలు వాటంతటవే వెళ్తాయి.

"పొరపాటు జరిగింది ఖాలా," అన్నాను, పిన్నిని పిలిచినట్టు.

"అంటే ఆయనేమీ ఇవ్వలేదా?"

అవునంటే అబద్ధం. కాదంటే ఒట్టు పోయె. చటుక్కున జుహైర్‌కు వీడియో కాల్ చేసి అనామకులంతా కలిసిపోయిన సంగతి చెప్పాను.

ఉమ్ లైస్ తెర ముందుకు వంగింది. "పరీక్ష చేసింది నువ్వేనా నాయనా?"

"నేనే ఖాలా. మా జాబితాలో చక్కగా పనిచేసింది."

"మీ ఇంట్లో ఉప్పు సరిపోయిందని మా కూర రుచి చూడకుండానే దించేస్తావా?"

జుహైర్ చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే పనిలో దిగాడు. పాత ప్రతి వెనక్కి తెచ్చాడు. పేరు చెప్పనివాళ్లను ఎన్నడూ కలపకూడదనీ, వాళ్ల నంబర్లు తెర మీద కనబడకూడదనీ రెండు నియమాలు రాశాడు. ఈసారి మా జాబితా మీదే పరీక్షించి నేను ఒప్పుకున్నాను. తెర మీద నలభై ఒక్క వరుసలు. అన్నింటా ఫాయిల్ ఖైర్, ఫాయిల్ ఖైర్, ఫాయిల్ ఖైర్.

"ఇందులో మా ఆయనది ఏది?"

"చెప్పను ఖాలా. ఒట్టేశాను."

స్ఫాక్స్‌లో జుహైర్ తల పట్టుకున్నాడు. నేనన్నదేమిటో అప్పుడు నాకర్థమైంది.

ఉమ్ లైస్ కుర్చీలో చతికిలబడి పకపకా నవ్వింది. "స్టోర్ గది చూసుకునే వచ్చానే పిచ్చిదానా. కుర్చీ లేదు. వాళ్లమ్మ పోయాక దాన్ని నన్నైనా ముట్టుకోనివ్వలేదు. ఇచ్చేసిన రోజు ఎంత ఏడ్చాడో ఏమో. ఆ ఒక్కటీ నాకు తెలుసు. నా దిగులంతా ఆ నలభై గురించే."

ఫోన్ తీసుకుని, మెసేజ్ చెరిపేసి లేచింది.

"నాకు తెలిసినట్టు ఆయనతో అనకు."

"ఒట్టు ఖాలా."

"నీ ఒట్టు ఇప్పుడే చూశాగా. నోరు మూసుకో, చాలు."