వసంత చేసిన వత్తులు

కోడేరు దాటాక గుట్ట కింద నా బామ్మర్ది చిన్నయ్య బండి ఆపాడు. తాను మాత్రం దిగలేదు.

"నువ్వు పోయి రా బావా. నేను రాను."

"గింత దూరం వచ్చినంకనా?"

"అక్క పోయి ఏడాది నిండలే. మైలతోటి గుట్ట ఎక్కొద్దంటరు. నీకు సదువొచ్చింది, నాకు భయమొచ్చింది."

నవ్వే ఓపిక కూడా లేదు నాకు.

గుట్ట మీద చిన్న బౌద్ధ మందిరం ఉంది. ఏటా వైశాఖ పున్నమికి నా భార్య వసంత అక్కడ దీపం పెట్టేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, తోడు వెళ్లేవాణ్ణి. ఆసుపత్రిలో ఆఖరున ఆమె కోరింది ఒక్కటే: "పున్నమి దీపం తప్పనియ్యకు." నిరుడు ఆమె చేసిన వత్తులు డబ్బాలో మిగిలాయి. వాటినీ, సీసాలో నువ్వుల నూనెనూ తెచ్చాను.

సాయంత్రమైనా బండలు వేడిగానే ఉన్నాయి. మలుపు మలుపుకూ కూర్చున్నాను. ఇదివరకు నేనిలా కూలబడితే పైనుంచి వసంత కేకేసేది: "సారూ, బెల్లు కొట్టిన్రు, లెవ్వున్రి!" ఇప్పుడు నాకు నేనే లేచాను.

పున్నమికి వచ్చినవాళ్లు పొద్దున్నే వెళ్లిపోయినట్టున్నారు. ముసలి భిక్షువు ఒక్కడే వాకిలి ఊడుస్తున్నాడు. చెప్పులు విడిచి గడప దాకా వెళ్లాను. కాలు లేవలేదు. మైల, అంటు లేవని తరగతిలో ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి.

భిక్షువు చీపురు ఆపాడు. "ఏంది సార్, గడప గంత ఎత్తుందా?"

"ఇంట్ల ఆమె పోయి ఏడాది నిండలే స్వామీ. లోపటికి రావచ్చునో లేదో."

"ఏటేటా వస్తుండె, ఆ అమ్మనా?" చీపురు గోడకు ఆనించాడు. "సావులేని ఇంటోళ్లే రావాలంటే నేను గూడ బయటనే పండాలె. రా. జర తల వంచు, దర్వాజ చిన్నగుంటది."

తల వంచి లోపలికి వెళ్లాను. బుద్ధుడి ముందు ప్రమిదలో నూనె పోసి వత్తి వేశాను. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. వసంత వత్తిని గట్టిగా పేనేది. ఆలస్యంగా అంటుకుంటుంది, అంటుకున్నాక నిదానంగా కాలుతుంది. రెండో పుల్లకు వెలిగింది. దాని ముందు కూర్చున్నాను. ప్రార్థనేదీ రాలేదు.

దిగేటప్పుడు సగం దారిలో, ఒక బండ పక్కన చిన్నయ్య కనిపించాడు. రొప్పుతున్నాడు.

"గుట్ట ఎక్కలే బావా. సగమే వచ్చిన."

"సగానికి మైల లేదా?"

"ఎవర్నడగాలె?" తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కళ్లు కూడా. "దీపం ముట్టిచ్చినవా?"

"ముట్టిచ్చిన."

డబ్బా అతని చేతిలో పెట్టాను. మూత తీసి చూశాడు. అందులో ఇంకా వత్తులున్నాయి.

మూత పెట్టి పైకి నడిచాడు. నాకు మళ్లీ ఎక్కే ఓపిక లేదు. ఆ బండ పక్కనే కూర్చున్నాను.