మూడు కిలోల గుడారం

ఇస్సాకు మూటను కాటా కొక్కేనికి తగిలించి రెండడుగులు వెనక్కి వేశాడు. వసారా దూలానికి వేలాడుతున్న ఆ కాటా ఒకప్పుడు చేపలమ్మే ధనమ్మది. ముల్లు అటూ ఇటూ ఊగి అయిదున్నర దగ్గర ఆగింది. కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ చూశాడు. అయిదున్నరే. పొద్దుటి నుంచి తూచడం ఇది మూడోసారి. గుడ్డకు అతని మీద జాలేమీ కలగలేదు.

గుడివాడ స్టేషను రోడ్డు వెనక సందులో, మూతపడ్డ రైసు మిల్లు గోడను ఆనుకుని ఉంది ఆ వసారా. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఇస్సాకు అక్కడే కూర్చుని బరకాలు కుడుతున్నాడు. ధాన్యం రాశుల మీద కప్పేవి, లారీల మీద కట్టేవి, చేపల చెరువుల దగ్గర కాపలా పాకల మీద పరిచేవి. మనిషి పొట్టి. సూది దిగీ దిగీ కుడిచేతి బొటనవేలి గోరు రెండుగా చీలి పెరుగుతుంది. కుట్టేటప్పుడు నాలుక కొస బయటపెట్టడం చిన్నప్పటి అలవాటు, అరవై రెండేళ్ళొచ్చినా పోలేదు. ఊళ్ళో అతన్ని గొప్పవాడని ఎవరూ అనలేదు, చెడ్డవాడనీ అనలేదు. ఇస్సాకు కుట్టు ఊడదు అని మాత్రం అంటారు.

చిన్న గుడారాలు ఏడాదికి నాలుగైదు వస్తాయి. అవి బాతులు మేపేవాళ్ళవి. కోతలైన చేలల్లో రాలిన గింజల కోసం వాళ్ళు బాతుల్ని తోలుకుంటూ గుడివాడ నుంచి గూడూరు, అక్కణ్ణుంచి దివిసీమ దాకా నడిచిపోతారు. ఏ చేలో పొద్దుగూకితే ఆ గట్టు మీదే పడక. బాతుల్ని అదిలించే కర్రే గుడారానికి నడిమి గుంజ. ఆ కర్ర ఎత్తుకు తగ్గట్టే గుడ్డ కోయాలి. అందుకే సత్తయ్య తన కర్రను కొలత కోసం ఇక్కడే వదిలి వెళ్ళాడు. అది మిషను పక్కన గోడకు ఆని ఉంది.

సత్తయ్య వచ్చి పదిహేను రోజులైంది. కులం వేరు, మతం వేరు, అయినా ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్ళే.

"ఈసారి మూడు కిలోలు దాటకూడదు బావా. పాతదాంతో భుజం పడిపోయింది. డాక్టరు బరువెత్తొద్దన్నాడు."

"మూడంటే పారాచూట్ గుడ్డేయాలి. అది చినుగుద్ది."

"చినక్కూడదు. బుల్లెమ్మ కూడా పడుకోవాలా, గాలివానల రోజులాయె."

"బరువుండకూడదు, చినక్కూడదు. ఎట్టా మరి?"

"అది నీ పని. కుదరదంటే చెప్పెయ్, బాతులమ్మేసి ఇంట్లో కూర్చుంటాం."

నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళల్లో నవ్వు లేదు. ఆరు వందల బాతులు, అవే ఆ మొగుడూ పెళ్ళాలిద్దరి బతుకు. అది తన చేతిలో పెట్టి వెళ్ళాడని ఇస్సాకుకు అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి ఉంది. మూట మోసుకోవడానికి భుజం పట్టీ కుట్టాలి. ఏ భుజం నొప్పి? సత్తయ్య ముందు కుడి భుజం పట్టుకుని చూపించాడు. వెళ్ళేటప్పుడు ఎడమది నొక్కుకున్నాడు. ఈ పదిహేను రోజులూ తలచుకున్నకొద్దీ అది ఇంకా చిక్కుపడింది. చివరికి ఏ భుజానికైనా వేసుకునేలా పొడుగాటి పట్టీ ఒకటి కుట్టాడు.

గుడారం ఇవాళ సాయంత్రానికి ఇస్తానన్నాడు. ఇస్సాకు బల్ల మీద ఇప్పుడు రెండు గుడారాలున్నాయి. ఒకటి మందపాటి బరకంతో కుట్టింది, అయిదున్నర కిలోలు. ఇంకొకటి పారాచూట్ గుడ్డది, రెండే కిలోలు. రెండోది అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు. అదే అతనికి భయం. మూడేళ్ళ కిందట రాజారత్నం అనే బాతులాయన పోరు పెడితే అలాంటిదే కుట్టిచ్చాడు. నాగాయలంక దగ్గర ఒక్క గాలివానకు అది నడిమికి చీలింది. రాజారత్నం ఆ పీలికలన్నీ తెచ్చి మిషను మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత చాలాకాలం వాన మొదలైనప్పుడల్లా ఇస్సాకుకు ఆ పీలికలే గుర్తొచ్చేవి.

మరి బరకమే ఇచ్చేస్తే? సత్తయ్య మోయలేడు, బాతులు అమ్మేస్తాడు. ఇస్సాకు రెండు గుడ్డల మీదా చెరో చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం భార్య సువర్ణ క్యారేజీ తెచ్చింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు గానీ, మనసు దేవుడి దగ్గర కాక కాటా దగ్గరే ఉంది.

"రెండూ కలిపి కుట్టరాదూ? పైన పల్చనిది, గాలి తగిలే చోట మందంది" అంది సువర్ణ, పులుసు వడ్డిస్తూ.

అన్నం సగంలో వదిలేసి లేచాడు. పల్చని గుడారం మూలలకు, వెన్నుకు, కింది అంచుకు మిగులు బరకంతో అతుకులు వేశాడు. తూస్తే మూడుంపావు. సంతోషించి, రెండు చేతులతో పట్టి గట్టిగా లాగాడు. అతుకు కదల్లేదు. అతుకు పక్కన పల్చటి గుడ్డలో సూది బెజ్జాలు మాత్రం వరసగా నోళ్ళు తెరిచాయి.

"నీ సలహా వల్ల ఇంకో గంట పోయింది" అన్నాడు.

"నేనేమన్నా కుట్టుపని నేర్చుకున్నానా? ఆయనకే ఫోన్ చేసి అడగండి."

ఫోన్ చేశాడు. స్విచాఫ్. కాసేపాగి మళ్ళీ చేశాడు, అంతే. సువర్ణ క్యారేజీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఇస్సాకు మళ్ళీ రెంటినీ తూచాడు. ఇన్నేళ్ళలో తాను కుట్టిన గుడారం ఒక్కటి కూడా గట్టు మీద నిలబడి ఉండగా చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. మూట కట్టి ఇవ్వడమే. దాన్ని ఎలా మోస్తారో, ఎలా వేస్తారో వాళ్ళు చెప్పిందే తప్ప తనకేమీ తెలియదు. తెలియనిదాని గురించి ఇంత తల బద్దలు కొట్టుకోవడం అతనికే విచిత్రంగా అనిపించింది.

నాలుగు దాటాక వసారా మెట్టు కింద ఎవరో నిలబడ్డారు. బుల్లెమ్మ. పైకి రాలేదు.

"రా చెల్లెమ్మా. బావేడీ? ఫోన్ తీయడు..."

అని తలెత్తిన ఇస్సాకుకు బొట్టు లేని నుదురు కనిపించింది. చేతులకు గాజులు లేవు. మిషను చక్రం మీద ఉన్న చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"నిన్ననే పెద్దదినం చేశామన్నయ్యా. పైకి రావచ్చో లేదోనని..."

"అవేం మాటలమ్మా. రా, కూర్చో."

వచ్చి బల్ల అంచున కూర్చుంది. అడగకుండానే చెప్పింది. "గూడూరు దగ్గర చేలో. రాత్రికి బాతుల చుట్టూ వల కడతానని గట్టు మీద కూర్చున్నాడు. బాతుల్ని మళ్ళేసి తోలుకొచ్చేసరికి ఇంకా కూర్చునే ఉన్నాడు. లేవవేంటయ్యా అన్నాను. అంతే. ఇక్కడికొచ్చి వెళ్ళిన మూడో రోజే. నీకు కబురు చెయ్యాలని ఎవరికీ తోచలేదు."

ఇస్సాకు గోడకు ఆని ఉన్న కర్ర వైపు చూశాడు. పన్నెండు రోజులుగా లేని మనిషి భుజం కోసం తాను కుడుతూ ఉన్నాడు. దుఃఖం కన్నా ముందు తికమక వచ్చింది, ఏదో లెక్క తప్పు చేసినట్టు. ఆ తర్వాత చెయ్యి చాచి ఆ కర్రను పట్టుకున్నాడు. సత్తయ్య అంటే తనకు ఇంత ఇష్టమని అతనికి ఇంతవరకూ తెలియదు.

బుల్లెమ్మ పట్టీ చేతిలోకి తీసుకుంది. "ఇదెందుకన్నయ్యా?"

"బావ భుజానికి. నొప్పన్నాడు, బరువెత్తొద్దని డాక్టరు చెప్పాడన్నాడు. కుడో ఎడమో తెలీక ఇంత పొడుగు కుట్టాను."

"ఆయనకి భుజం నొప్పా?" బుల్లెమ్మ అతనికన్నా ఎక్కువ తికమకపడింది. "ఆయనెప్పుడు మోశాడు? బాతుల వెనక కర్ర పట్టుకుని ఉరికే మనిషి మూటెత్తుకుంటే ఎట్టా? ఇరవై ఏళ్ళ బట్టీ నా నెత్తి మీదే కదా. మెడ ఎముక అరిగింది, బరువెత్తొద్దు అన్నది నన్ను."

సందులో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"మూడు కిలోలు దాటకూడదన్నాడమ్మా. దాటితే బాతులమ్మేస్తానన్నాడు."

"అన్నాడా?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాతో ఒక్క మాటా అన్లేదు. పెళ్ళాం మెడ కోసమని చెప్పడానికి సిగ్గు గామోసు."

తర్వాత లేచి పారాచూట్ గుడ్డను రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి చూసింది. తల అడ్డంగా ఊపి, బరకం మీద చెయ్యి వేసింది.

"ఇదే ఇవ్వు. రేపు దివిసీమ వైపు కదులుతున్నాం. బాతులు ఆకలికి ఆగవు కదా."

"అయిదున్నరమ్మా అది. నీ మెడ..."

"అయిదున్నర ఇద్దరికి కదన్నయ్యా. మా తమ్ముడు నాగబాబు పగలు తోడుంటాడు, చీకటి పడితే బండేసుకుని ఇంటికెళ్తాడు. పడుకునేది నేనొక్కదాన్నే. ఒక్కరికి కొయ్యి."

పొద్దుటి నుంచి అతనికి తట్టని లెక్క అది. ఎలా తడుతుంది? ఇస్సాకు కుట్లు విప్పి బరకాన్ని నేల మీద పరిచాడు. సుద్దతో గీత గీశాడు. కత్తెర పట్టుకున్నాక చెయ్యి ఆగింది. బుల్లెమ్మ వంగి గుడ్డను రెండో వైపు బిగించి పట్టుకుంది. అప్పుడు కోశాడు. ఎత్తు మాత్రం తగ్గించలేదు, ఆ కర్రకే సరిపోయేలా ఉంచాడు. నాలుక బయటపెట్టడం కూడా మర్చిపోయి గంటలో కుట్టేశాడు. కొక్కేనికి తగిలిస్తే ముల్లు సరిగ్గా మూడు దగ్గర ఆగింది.

"పట్టీ వద్దులే. నెత్తి మీద జారుద్ది" అంది బుల్లెమ్మ. పాత తువ్వాలును చుట్టకుదురులా చుట్టి తలమీద పెట్టుకుని, దానిమీద మూట ఎత్తించుకుంది. మెడను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "తేలిగ్గానే ఉందన్నయ్యా" అని, సత్తయ్య కర్ర చేతికి తీసుకుని మెట్టు దిగింది. తన గుడారాన్ని నెత్తిన మోసుకుపోతున్న మనిషిని ఇస్సాకు చూడటం అదే మొదలు. సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

లోపలికొచ్చి నేల మీద మిగిలిన ముక్కను మడిచాడు. చెదరకుండా ఆ పొడుగాటి పట్టీతోనే కట్టాడు. తుక్కులో పడేయబుద్ధి కాలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక, అలవాటు కొద్దీ కాటాకు తగిలించాడు. రెండున్నర చూపించింది. మర్నాడు పొద్దున సువర్ణ వసారా ఊడవడానికి వచ్చేసరికి, ఒక మనిషి పడుకునేంత బరకం ఆ కొక్కేనికి ఇంకా వేలాడుతూనే ఉంది.