ఉత్త రేకు

ప్రసాదు గారి నోటిదాకా వెళ్ళిన రేకుని నా చేత్తో నేనే ఆపాను. ఎందుకు ఆపానా అని ఇప్పటికీ ఒక్కోసారి పళ్ళు కొరుక్కుంటాను.

మాది ఆత్రేయపురం. పూతరేకులు చేసే ఇల్లు. నేను ఏడో తరగతితో బడి మానేసి కుండ ముందు కూర్చున్నాను. నా కూతురు వీరదుర్గ ఇంటర్ చదివి కూర్చుంది. అంతే తేడా. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి నీళ్ళు. గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు. పీట మీంచి ముందుకి వంగాలి, లాగాలి, రేకు తీసి పక్కన పెట్టాలి, మళ్ళీ వంగాలి. పూటకి మూడొందల సార్లు వంగుతుంది మనిషి.

దుర్గకి ఇరవై అయిదో ఏట మొదలైంది నడుం నొప్పి. "మేకు దిగ్గొట్టి వదిలేసినట్టుందే అమ్మా" అనేది. నాకేమో చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఎవరికి తుమ్ము వచ్చినా నా కళ్ళ ముందు పాడె కనిపిస్తుంది. నడుం అనగానే కిడ్నీలు పోయాయనుకున్నాను, తర్వాత కేన్సరనుకున్నాను. వావిలాకు నీళ్ళు పోశాను. ఇసుక మూటతో కాపడం పెట్టాను. ఆర్.ఎం.పి. చేత ఇంజక్షన్లు పొడిపించాను. రాజమండ్రి తీసుకెళ్తే డాక్టరు మంజుష గారని, చిన్నావిడే, ఎక్స్‌రే చూసి నెమ్మదిగా చెప్పింది.

"ఎముక బాగానే ఉందమ్మా. కండరాలు అలిసిపోయాయి. వంగి చేసే పని మార్చాలి. రోజూ ఈ ఎక్సర్‌సైజులు చెయ్యాలి. టైమ్ పడుతుంది."

"ఆపరేషన్ ఏమీ అక్కర్లేదు కదండీ?"

"ఇప్పుడైతే అక్కర్లేదు."

ఆ 'ఇప్పుడైతే' అన్న మాట పట్టుకుని నేను వారం రోజులు అన్నం తినలేదు. ఇవాళ కాకపోతే రేపు కోస్తారు, కోస్తే కాళ్ళు పడిపోతాయి. ఎక్సర్‌సైజులేంటి, నొప్పితో ఏడుస్తున్న పిల్లని ఇంకా వంచమంటారా? ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో పడేసి, కాలవ అవతల ఊళ్ళో కట్లు కట్టి పసరు మందిచ్చే సత్యప్రసాద్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. నేనే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తొయ్యలేదు.

ఆదివారం ఆదివారం ఇంటి ముందు షెడ్డులో కూర్చునేవాడు. తెల్లటి మనిషి, మాట చాలా మెత్తన. "కోత లేదు, కుట్టు లేదమ్మా. నాలుగు వేర్లు, మూడాకులు. నొప్పి ఉన్నవాళ్ళకి నొప్పి పోతుంది, లేనివాళ్ళకి బలం" అన్నాడు. రేగ్గింజంత నల్ల మాత్రలు పొట్లం కట్టిచ్చాడు.

మూడో రోజుకి దుర్గ నవ్వింది. వారానికి నీళ్ళ బిందె ఎత్తింది. నాకు దేవుడు కనపడ్డట్టే అయింది. మాత్ర విషమంత చేదు, మింగలేకపోయేది. నేనేం చేసేదాన్నంటే, ఉత్త రేకు ముక్కలో మాత్ర చుట్టి నోట్లో పెట్టేదాన్ని. నాలిక మీద రేకు కరిగేలోపల మాత్ర గొంతులోకి జారిపోయేది. ఏడాదిన్నర అలా పెట్టాను, రోజుకి రెండు, నా ఈ వేళ్ళతో.

అక్కడితో ఆగానా? మా వీధిలో రేకులు తీసే ఆడవాళ్ళందరికీ నడుం నొప్పే. తొమ్మిది మందిని ఆటోలెక్కించి తీసుకెళ్ళాను. మా పక్కింటి చిన్నమ్మాయి మొదట ఒప్పుకోలేదు. పేరుకే చిన్నమ్మాయి, ఆవిడకి అరవై దాటాయి. "నాకు షుగరు కదే బుల్లెమ్మా, పడుతుందో పడదో" అంటే, "ఆయనకి చెబుదాం రా పిన్నీ, ఆయన చూసుకుంటారు" అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. ప్రతి ఆదివారం ప్రసాదు గారికి నెయ్యీ బెల్లం వేసిన రేకులు పట్టుకెళ్తే ఆయన చేతులు జోడించేవాడు.

"తీపి వద్దమ్మా, నాకూ షుగరే. ఉత్త రేకులుంటే పెట్టండి, ఇష్టం."

అప్పట్నుంచి ఆయన కోసం ఉత్త రేకులు విడిగా తీసేవాళ్ళం.

పోయిన వేసవిలో దుర్గ మొహం గుండ్రంగా ఊరింది. ఒళ్ళు చేసిందనుకుని మురిసిపోయాను. ఆషాఢంలో ఒక పొద్దున్న కొబ్బరాకు పొగకి తుమ్మింది. జారిపడలేదు, బరువెత్తలేదు. తుమ్మింది, అంతే. "అమ్మా" అని అరిచి పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ కూర్చోలేకపోయింది.

మంజుష గారు కొత్త ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకుని ఒక చోట వేలు పెట్టి చూపించారు. నడుం దగ్గర ఒక వెన్నుపూస నలిగి పల్చబడిపోయింది.

"ఏం మందులు వాడారమ్మా?"

పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. "పసరు మందేనండి."

"అమ్మాయికి షుగర్ ఏమైనా ఉందా?"

"లేదండి. ఎందుకండీ?"

"ఉంటే ఇవి ఇంకా ప్రమాదం. షుగర్ ఒక్కసారిగా పైకెళ్ళిపోతుంది. ఇందులో ఎముకల్ని గుల్ల చేసే స్టెరాయిడ్ కలిపారని నా అనుమానం. పరీక్షకి పంపిద్దాం. హఠాత్తుగా మాత్రం ఆపకండి, అదీ ప్రమాదమే. నేను రాసినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి."

పది రోజులకి కాగితం వచ్చింది. ఆవిడ అనుమానమే నిజమైంది. ఇరవై ఏడేళ్ళ పిల్లకి డెబ్బై ఏళ్ళ ఎముకలన్నారు. ఆపరేషన్ అక్కర్లేదట, బెల్టు వేసి పడుకోబెడితే అతుక్కుంటుందట. కానీ లేపి కూర్చోబెట్టాలన్నా నేనే, బాత్రూముకి నడిపించాలన్నా నేనే. పక్క మీద తిప్పినప్పుడల్లా దుర్గ పళ్ళు బిగించేది. ఆ బిగించిన పళ్ళ మధ్యలోకి ఇన్నాళ్ళూ మాత్రలు పెట్టిన వేళ్ళు నావి. వాటిని పొయ్యిలో పెట్టాలనిపించేది. తర్వాత అనిపించింది, నా వేళ్ళెందుకు కాలాలి?

పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. కాగితం తీసుకుని చూస్తామన్నారు. వాళ్ళు చూసేదాకా నేనాగలేను.

పొట్లంలో ఇంకా నలభై మాత్రలున్నాయి. శనివారం సాయంత్రం నాలుగు తీసి రోట్లో మెత్తగా నూరాను. ఉత్త రేకులు ఆరు, ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో ఆ పొడి చల్లి మడిచాను. ఇంకో మాత్ర నూరకుండా కొంగున కట్టుకున్నాను, ఎందుకో తెలీదు.  పుట్టి బుద్ధెరిగాక నాకు భయం వెయ్యని పూట అదొక్కటే.

మర్నాడు పొద్దున్న చిన్నమ్మాయి పిన్ని కూడా మందుకని ఆటో ఎక్కింది. ఆయన చెవిన పడుతుందని ల్యాబు కాగితం సంగతి నేనింకా వీధిలో ఎవరికీ చెప్పలేదు. "ఏంటే, పిల్లని అక్కడ పడుకోబెట్టి నువ్వు మిఠాయి మోసుకుంటున్నావు?" అంది.

"ఆయనకి రుణపడి ఉన్నాను కదా పిన్నీ" అన్నాను.

షెడ్డులో పాతిక మందున్నారు. ప్రసాదు గారు నన్ను చూసి నవ్వాడు. "రండి బుల్లెమ్మ గారూ. అమ్మాయి రాలేదేం?"

"పనిలో ఉందండి. మీకోసం ఉత్త రేకులు పంపింది."

"బంగారు తల్లి" అని విప్పి చేతిలోకి తీసుకున్నాడు. నోటిదాకా తెచ్చాడు. నేను చూస్తున్నాను. తిను, తిను అనుకుంటున్నాను. అప్పుడొచ్చింది, నా పాత భయం. నాలుగు మాత్రలు ఎక్కువైతే? ఇక్కడే పడిపోతే? పోలీసులు నన్ను తీసుకుపోతే రేపు పొద్దున్న దుర్గని పక్క మీద ఎవరు తిప్పుతారు?

రేకు పెదాలకి తగిలింది. ముందుకి దూకి ఆయన మణికట్టు పట్టేసుకున్నాను.

"ఆగండి! అందులో మీ మందే ఉంది."

"ఏంటమ్మా?"

రేకు లాక్కుని అందరి ముందూ పొరలు విప్పాను. తెల్లటి రేకుల మధ్య నల్ల పొడి. "ఈయన ఇచ్చిన మాత్రలే. నూరి తెచ్చాను. దీంట్లో స్టెరాయిడ్ ఉందని ల్యాబు వాళ్ళు రాసిచ్చారు. నా కూతురి నడుం విరిగింది."

ఆయన మొహం ఒక్క క్షణం మాడి, మళ్ళీ మెత్తబడింది. "పాపం, కూతురి బాధలో మతి చెదిరిందండీ. కాగితాలదేముంది, ఎవరైనా రాస్తారు. నాది పసరు మందు."

ఒకరిద్దరు అయ్యో పాపం అన్నారు, నన్ను చూసి. నా ఒళ్ళు మండింది. కొంగు ముడి విప్పి మాత్ర తీసి, తెల్లటి రేకు ముక్కలో చుట్టి, దుర్గకి పెట్టినట్టే ఆయన మొహం ముందు పెట్టాను.

"పసరే కదండీ. నాలుగొద్దు, ఒక్కటి. మింగండి."

"నాకు నడుం నొప్పి లేదు కదమ్మా."

"లేనివాళ్ళకి బలం అన్నారుగా!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "మింగెయ్యండి గురువు గారూ, గొడవ వదిలిపోద్ది, ఆయ్" అని ఒక పెద్దాయన అన్నాడు. ప్రసాదు గారు మాత్ర వంక చూశాడు, జనం వంక చూశాడు. నుదుటి మీద చెమట.

"నాకు షుగరండీ. నాకు పడదు" అన్నాడు.

 చిన్నమ్మాయి పిన్ని కర్ర మోపుకుంటూ లేచింది.

"నాకూ షుగరే కదయ్యా. మొదటి రోజే చెప్పాను. నాకు రోజుకి రెండిచ్చావు."

 పిన్ని తన పొట్లం తీసి ఆయన ఒళ్ళోకి విసిరింది. తర్వాత ఇంకొకరు. తర్వాత లెక్క లేదు, నల్ల మాత్రలు నేలంతా దొర్లాయి. ఆయన లేచి ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. పిన్ని కర్రతో ఆ తలుపు మీద బాదుతోంది.

నేను మాత్రం గేటు దగ్గర నిలబడి వెళ్ళేవాళ్ళందరికీ మొత్తుకున్నాను. "ఒక్కసారిగా ఆపకండి బాబూ, డాక్టరుకి చూపించి తగ్గించుకోండి, మాత్రలు దాచుకోండి, డాక్టరుకి చూపించాలి!" మళ్ళీ వాళ్ళే కింద వంగి మాత్రలు ఏరుకున్నారు.

తర్వాతి ఆదివారానికి షెడ్డుకి తాళం. నెల తిరక్కుండా రామచంద్రపురంలో వేరే పేరుతో బోర్డు పెట్టాడని తెలిసింది. ఆ ఆదివారమే బస్సెక్కాను. వరసలో అందరితోపాటు కూర్చుని, నా వంతు వచ్చాక మాత్ర చుట్టిన రేకు ముందు పెట్టాను. "మింగండి ప్రసాదు గారూ." ఆ పూటకి కొట్టు కట్టేశాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నాకు అదే పని.

"చాల్లే అమ్మా, వాడి మొహం వాడిది. ఎవడైనా నిన్ను కొడితే?" అంటుంది దుర్గ. కొడతారేమో. దారిలో బస్సు బోల్తా కొడుతుందేమో కూడా. భయపడుతూనే వెళ్తున్నాను.

బియ్యం డబ్బాలోంచి మంజుష గారి మొదటి కాగితం తీసి గోడకి అంటించాను. దుర్గ పొద్దునా సాయంత్రం ఆ బొమ్మల్లో ఉన్నట్టు చేస్తోంది. మాత్ర మింగినప్పటిలా మూడో రోజుకే నవ్వు రాలేదు. నాలుగో నెలకి గోడ పట్టుకోకుండా లేచింది. మేస్త్రీ చేత పొయ్యి నడుం ఎత్తుకి కట్టించాను. వీధిలో నవ్వారు, నిలబడి రేకు తీస్తారా ఎక్కడైనా అని. ఇప్పుడు చిన్నమ్మాయి పిన్ని కూడా కట్టించుకుంటోంది.

నిన్న ఆదివారం. నేను తల దువ్వుకుంటుంటే పెరట్లో కొబ్బరాకు పొగ వచ్చింది.  పరిగెత్తాను. బెల్టు పెట్టుకుని, కొత్త పొయ్యి ముందు నిటారుగా నిలబడి ఉంది దుర్గ. గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగింది. అయిదు నెలల తర్వాత మొదటి రేకు. అంచు కాస్త చిరిగింది.

"మొదటిది దేవుడికి పెడదామే" అన్నాను.

"రెండోది పెడదాంలే" అంది. రేకుని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది. "తొమ్మిదింటి బస్సు పోతుంది. బయల్దేరు."