పన్నెండో నంబరు పై బెర్తు

గుయ్‌జెన్‌కి పొద్దున్నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. పదకొండో పెట్టెలో అరవై ఆరు బెర్తులకీ ఆమె ఒక్కతే అటెండెంటు. తోడు రావలసిన పిల్ల జ్వరమని ఎగ్గొట్టింది. అది చాలదన్నట్టు షియాన్‌లో ఆ విదేశీ జంట ఎక్కింది. తాడిచెట్టంత దొర, ఎర్రజుట్టు దొరసాని, వీపుల మీద బియ్యం బస్తాలంతేసి సంచులు. ఆ సంచుల్ని తెచ్చి నడవాలోనే పడేశారు.

"అడ్డం తియ్యండి! ఇదేమన్నా మీ ఇంటి పెరడా?" అంది. వాళ్లు నవ్వారు. ఏం తిట్టినా నవ్వే మనుషులంటే ఆమెకి పరమ చిరాకు.

అవి కాగితం టిక్కెట్ల రోజులు. రైలెక్కగానే టిక్కెట్టు ఆమె తీసుకుని, బెర్తు నంబరున్న ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చేది. ఊరొచ్చే ముందు ఆ బెర్తు దగ్గరికెళ్లి మనిషిని లేపి, బిళ్ల తీసుకుని, టిక్కెట్టు చేతిలో పెట్టాలి. పదహారేళ్లలో ఒక్కరిని కూడా ఊరు దాటించలేదని గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్ప అబద్ధం కాదు.

తియెన్‌ష్వేలో కాంగ్ తాత ఎక్కాడు. పన్నెండో నంబరు పై బెర్తు. బిళ్ల అందుకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, షీహెలో దిగాలి నేను. మా అక్క పోయింది. పుట్టింటివాళ్లు మొహం చూడందే శవపెట్టెకి మూత వెయ్యకూడదు కదా. పుట్టింట్లో మిగిలింది నేనొక్కణ్ణే. నాలుగింటికి ముహూర్తం పెట్టారు. రెండు రాత్రులుగా కన్ను మూతపడలేదు. ఇప్పుడు పడుకుంటే లేవలేనేమో."

"నేను లేపుతాగా తాతా."

"మరిచిపోవుగా?"

"నాకు మతిమరుపే ఉంటే ఈ ఉద్యోగం ఎప్పుడో ఊడేది. పోయి పడుకో."

కాసేపటికి దొరసాని వచ్చింది. చేతిలో రెండు బిళ్లలున్నాయి. వాటిని చూపిస్తూ ఏదో చెప్పబోయింది.

"వేడినీళ్లు ఆ చివర!" అని గుయ్‌జెన్ వేలు చూపించింది. వీళ్లకి కావలసింది ఇంకేముంటుంది?

దొరసాని మళ్లీ వచ్చింది. "స్టేషన్లో మరుగుదొడ్డికి తాళం వేస్తాం, ఆగలేవా?" అని కసిరింది. మూడోసారి వచ్చి ఏకంగా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. సరిగ్గా అప్పుడే పెట్టెలోకి తనిఖీ అధికారి వచ్చాడు. గుయ్‌జెన్ చెయ్యి విదిలించుకుంది.

"వదులు! నేను నీ ఇంటి పనిమనిషినా?"

దొరసాని మొహం కందిపోయింది. ఆ తర్వాత రాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టె మొత్తం కునుకు తీసింది. నడవాలోని సంచులు చూసి అధికారి ఆమెని నిలబెట్టి వాయించేశాడు. ఆ వాయింపు అయ్యేసరికి షీహెకి ఐదు నిమిషాలే ఉంది. పరుగున వచ్చి పై బెర్తు మీద దుప్పటి ముసుగుని తట్టింది. "తాతా, షీహె!" దుప్పటి లోంచి ఊఁ అని వినిపించింది. టిక్కెట్టు దిండు మీద పడేసి, బిళ్ల కూడా తీసుకోకుండా తలుపు దగ్గరికి పరిగెత్తింది.

ప్లాట్‌ఫాం మీద తెల్లటి మైలబట్ట తలకి చుట్టుకున్న కుర్రాడు నిలబడి ఉన్నాడు. "మా మేనమామ ఏడండీ?"

"వస్తున్నాడు!" అంది. ఎవరూ రాలేదు. ఆగేది రెండే నిమిషాలు. ముసలాయన మీద మండిపడుతూ లోపలికొచ్చి దుప్పటి లాగేసింది. దాని కింద ఎర్రగడ్డం దొర.

"నీకిక్కడేం పని? తాతని ఏం చేశావ్?" అని అరిచింది. మధ్య బెర్తులోంచి దొరసాని ఒక్క దూకు దూకి కింద బెర్తుని చూపించింది. అక్కడ కాంగ్ తాత నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపి, చెప్పులు తొడిగి, నడిపించుకుంటూ వచ్చేసరికి అధికారి తలుపు వేసేశాడు. రైలు కదిలింది. కుర్రాడు కిటికీల్లోకి చూస్తూ ప్లాట్‌ఫాం చివరిదాకా పరిగెత్తాడు.

తర్వాతి స్టేషను ఐదింటికి.

గుయ్‌జెన్ కోపమంతా ఆ జంట మీద విరుచుకుపడింది. "బెర్తులు మార్చుకోమని మీకెవరు చెప్పారు? ఊళ్లు తిరగడానికొచ్చి మా ప్రాణాలు తీస్తారా? ఒక్క మాట నాతో చెప్పి చావొచ్చుగా!"

"నోరు ముయ్!" అన్నాడు తాత. "మోకాళ్లు వంగక పైకెక్కలేకపోతే ఆ అబ్బాయి కింద బెర్తు నాకిచ్చాడు. నీకు చెప్పి రమ్మని ఆ పిల్లని నేనే పంపాను. బిళ్లలిచ్చి మూడుసార్లు పంపాను. నువ్వేమన్నావో ఇక్కడిదాకా వినిపించింది. వినపడినా, నువ్వు లేపుతానన్నావని పడుకున్నాను."

గుయ్‌జెన్‌కి తిట్టడానికి పెట్టెలో ఇంకెవరూ మిగల్లేదు.

తాత కింద బెర్తు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. దొరసాని ఆయన గ్లాసు తీసుకుని, గుయ్‌జెన్ పక్కనించే, వేడినీళ్ల కోసం ఆ చివరికి వెళ్లింది. దారి ఆమెకి ముందే తెలుసు.