పరాయి దేశపు టవరు

ఆమెకున్న భయాల్లోకెల్లా పెద్దది ఒకటే: పిల్లకి ఊపిరాడని వేళ ఫోను కలవకపోవడం. చంటిదానికి ఆయాసం. "రొమ్ములో పిల్లికూతలు వినిపిస్తే క్షణం ఆగకుండా నాకు ఫోన్ చెయ్యమ్మా" అని డాక్టరమ్మ నంబరిచ్చింది.

ఆ ఇల్లు సరిహద్దు కంచెకి కూతవేటు దూరం. ముందు హాల్లో సొంత నెట్‌వర్కు నిక్షేపంగా అందుతుంది. హాలు ఆమె భర్తదీ, ఆయన టీవీదీ. ఆమెకీ ఉయ్యాలకీ దక్కింది వంటింటి పక్కనున్న వెనక గది. ఆ రాతిగోడలు దాటి సొంత టవరు లోపలికి రాదు. కంచె అవతలి దేశపు టవరు మాత్రం కిటికీలోంచి తొంగిచూస్తుంటుంది.

ఒకరోజు పాలసీసాలు కడుగుతుంటే ఫోన్లో "మా దేశానికి స్వాగతం" అని మెసేజొచ్చింది. సిమ్ము ఆయన పేరు మీదున్న ఫ్యామిలీ ప్లానులోది, రోమింగు కబుర్లన్నీ ఆయనకీ వెళ్తాయి కాబట్టి ఆ కబురు ఆఫీసులో ఉన్న ఆయనకీ చేరింది.

"ఎక్కడున్నావ్?"

"పాలసీసాలు కడుగుతున్నానండీ."

"సింకు దగ్గర నిలబడి దేశం దాటావా? ఎవర్ని కలవడానికెళ్ళావ్?"

సాయంత్రం అత్తగారు అందుకుంది. "నేనెప్పుడో చెప్పాన్రా, దీని కాళ్ళు ఇంట్లో, మనసు ఊళ్ళో అని."

ఆమె ఫోను కంపెనీకి కాల్ చేసి అడిగింది. అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఫోను ముందు సొంత టవరు కోసమే వెతుకుతుందట. అది అందకపోతేనే పరాయి టవరు తలుపు తడుతుందట. ఆ టవరు కూడా ఊరికే రానివ్వదు, "ఈ నంబరు మీదేనా? రానివ్వచ్చా?" అని సొంత కంపెనీనే అడుగుతుంది. పరాయిచోట ఉన్నంతసేపూ ఫోను మధ్యమధ్యలో సొంత టవరును వెతుక్కుంటూనే ఉంటుంది. ఇంతకంటే పతివ్రత ఫోను ఇంకెక్కడ దొరుకుతుంది వీళ్ళకి, అనుకుంది ఆమె.

అదే ఆయనకి చెబితే నవ్వాడు. "కాలేజీ మధ్యలో మానేసినదానివి, నాకు పాఠాలా?" మాన్పించిందెవరు? "చదువేం చేసుకుంటాం, పనిమంతురాలైతే చాలు" అన్నది ఈయన తల్లి కాదూ? ఆయన ఫోను లాక్కుని, సొంత నెట్‌వర్కు తప్ప ఇంకేదీ పట్టకుండా మార్చేసి, "ఇక బుద్ధిగా ఉంటుంది" అన్నాడు. ఫోను గురించే అన్నాడో లేదో ఆమెకి తెలుసు.

మొన్న మధ్యాహ్నం పిల్లికూతలు మొదలయ్యాయి. పెదాలు నీలం తిరుగుతున్నాయి. ఫోన్లో 'అత్యవసర కాల్స్ మాత్రమే' అని ఉంది. డాక్టరమ్మ నంబరు ఎన్నిసార్లు నొక్కినా కలవలేదు. హాల్లోకి పరుగెత్తితే తలుపుకి లోపలినుంచి గడియ. "కునుకు తీస్తున్నా, కాస్త ఆవిరి పట్టు" అంది లోపల్నుంచే అత్తగారు. ఆమె పిల్లని భుజాన వేసుకుని, పెరటిగుమ్మంలోంచి ఒట్టికాళ్ళతో వీధి చివరిదాకా పరుగెత్తాకగానీ ఫోను కలవలేదు.

పిల్ల బతికింది.

"ఏం కాలేదుగా! గోరంత దాన్ని కొండంత చేస్తావ్" అన్నాడాయన అన్నం కలుపుకుంటూ.

ఆమె వెనక గదిలోకి వెళ్ళి, పరాయి టవరు కూడా పట్టేలా ఫోను సెట్టింగు మళ్ళీ మార్చేసింది. కాసేపటికి కంచం పక్కన ఆయన ఫోను మోగింది. ఆయన ముఖం ఎర్రబడింది. "మళ్ళీ పోయావా?"

"పోయాను. రేపూ పోతాను. ఇంకోసారి ఈ ఫోన్ని ముట్టుకున్నారంటే నా కాళ్ళతోనే పోతాను, పిల్లతో సహా."

ఇది చదివిన మీరు ఒక్క పని చెయ్యండి. పెళ్ళిచేసి పంపిన మీ పిల్లకి ఇవాళ ఫోన్ చెయ్యండి. 'కవరేజీలో లేరు' అని వినిపిస్తే టవర్ని తిట్టుకుని పెట్టెయ్యకండి. లేచి వెళ్ళి చూసి రండి.