బొట్టు పడ్డ ముప్పై ఏడో నంబరు

నేను ఒక బబుల్‌గమ్ కార్డుని. వినగానే మొహం అలా పెట్టకండి. అరచేతిలో సగం ఉంటాను. ముందువైపు బంతి విసరబోతున్న కుర్రాడు. వెనకవైపు అతని పేరు, ఊరు, తీసిన వికెట్లు, కింద మూల ముప్పై ఏడు అనే అంకె. ఒకప్పుడు నన్ను ఊరికే ఇస్తానన్నా పుచ్చుకున్నవాడు లేడు. తర్వాత నన్ను తాకాలంటే తెల్ల గ్లౌజులు తొడుక్కోవాలన్నారు. ఈ రెండింటి మధ్యా నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఒక ట్రంకుపెట్టె మూతకి అతుక్కుని కూర్చున్నాను, అంతే. మనుషుల్లోనూ చాలామంది పెద్దవాళ్ళు ఇలాగే అవుతారని విన్నాను.

నేను పుట్టింది విజయవాడ గవర్నరుపేటలో, ఒక సందులోని ప్రెస్సులో. చిలక మార్కు బబుల్‌గమ్ యజమానికి ఒక ఆలోచన వచ్చింది. గమ్ము నమిలి ఉమ్మేస్తారు, కార్డు దాచుకుంటారు. కాబట్టి కార్డు బాగుంటే చాలు, గమ్ము ఎలా ఏడ్చినా ఫర్వాలేదు. పేరున్న ఆటగాళ్ళ బొమ్మలు వేద్దామంటే వాళ్ళ గుమ్మం ఎక్కే మొహం ఆయనకి లేదు. అందుకని రాష్ట్రం జట్టుకి ఒకటి రెండు మ్యాచులు ఆడి, మూడోదానికి పిలుపు వస్తుందేమోనని పోస్టుమాన్ దారి చూస్తున్నవాళ్ళని నలభైమందిని పోగుచేశాడు. వాళ్ళు మహదానందంగా ఒప్పుకున్నారు. ఫోటోలు కూడా వాళ్ళే తెచ్చిచ్చారు. నా వంతుకి వచ్చినవాడు రేపల్లె కుర్రాడు, మేడా భీమశంకరం. ఫాస్ట్ బౌలరు. తన దగ్గరున్న ఒకే ఒక్క ఫోటో ఇచ్చి, "పనయ్యాక తిరిగిస్తారుగా?" అని అడిగాడు. తప్పకుండా అన్నారు. ఆ తప్పకుండా ఇంతవరకూ రేపల్లె చేరలేదు.

భీమశంకరానిది కుడిచేతి వాటం. ఎడమ చెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ. ప్రెస్సులో ప్లేటు చేసిన మహానుభావుడు ఫిల్ముని తిరగేసి పెట్టాడు. దాంతో నేను ఎడంచేత్తో బంతి వేస్తూ, కుడి చెంప మీద పుట్టుమచ్చతో లోకంలోకి వచ్చాను. వెనకవైపు మాత్రం 'కుడిచేతి ఫాస్ట్ బౌలర్' అని అచ్చయింది. అంటే ముందొక మాట, వెనకొక మాట. యజమాని అచ్చు కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "గడ్డికి ఇంకాస్త ఆకుపచ్చ తగిలించండి" అన్నాడు.

ఏలూరులో ఒక బడి ముందు కొట్లో అమ్ముడయ్యాను. అప్పట్లో పిల్లలు కార్డుల కట్ట చేతబట్టుకుని, ఒక్కోటీ పైకి తీస్తూ ఎదుటివాడి మొహం చూసేవాళ్ళు. "ఉంది... ఉంది... ఉంది... లేదు!" ఆ 'లేదు' అన్న కార్డుకే మారకం. నేను పైకి వచ్చినప్పుడల్లా, నన్ను జన్మలో చూడనివాడు కూడా "ఉంది" అనేవాడు. నాతోపాటు పుట్టిన ముప్పై ఏడో నంబర్లు కొన్ని ఊగే బెంచీల కాళ్ళ కింద ఒదిగాయి, కొన్ని గాలిపటాల తోకలయ్యాయి, మిగతావి ఏలూరు కాలవలో ఈతకి వెళ్ళాయి. అందరూ పారేశారు కాబట్టే నేను అరుదైనవాణ్ణయ్యాను. గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మీకూ పనికొస్తుంది.

నన్ను పారెయ్యని పిల్ల పేరు సుగుణ. ప్రేమతో కాదు. హాస్టలుకి తీసుకెళ్ళే ఆమె ట్రంకుపెట్టె మూతకి తుప్పుపట్టి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి చీమలు దూరి సున్నుండలు తినేస్తున్నాయి. అన్నం మెతుకులు మెదిపి, నన్ను ఆ చిల్లు మీద లోపలివైపు అతికించింది. ఆమె చదువైపోయింది, పెళ్ళయింది, పెట్టె అటకెక్కింది. నేను చీకట్లో బంతి పైకెత్తి, వెయ్యకుండా అలాగే ఉండిపోయాను. చివరికి ఒకరోజు అటక సర్దారు. పెట్టె చేతులు మారి మారి విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇనప సామాను కొట్టుకి చేరింది.

అక్కడికి వచ్చాడు వల్లూరి కోదండపాణి.

టైల్స్ షాపు యజమాని. నడివయసు, బంగారు ఫ్రేము కళ్ళజోడు. బాత్రూం టైల్స్ అమ్మేది కడుపు కోసం, కార్డులు పోగెయ్యడం ఆత్మ కోసం అంటాడు. చిలక మార్కు నలభై కార్డుల్లో ముప్పై తొమ్మిది ఆయన దగ్గరున్నాయి. లేనిది నేనే. పెట్టె మూత ఎత్తగానే నన్ను గుర్తుపట్టాడు. కానీ గొంతు మారనివ్వలేదు.

"ఈ పెట్టె నాకు కావాలయ్యా."

"అడుగూడిపోయింది సార్. ఏం చేసుకుంటారు?"

"బట్టలు పెట్టుకుంటా."

"అడుగులేని పెట్టెలోనా?" కొట్టువాడు జాలిగా చూశాడు. "మూతొక్కటే గట్టిగా ఉంది. పోనీ అది ఊడదీసిమ్మంటారా?"

అడగాల్సిందే అది! కానీ మూత మీద ఆశ ఉన్నట్టు కనబడితే కొంప మునుగుతుందని ఆయన భయం. "ఛ ఛ, మూత ఎవడిక్కావాలి!" అని, అనుమానం రాకుండా పక్కనున్న కాలిపోయిన మోటారు కూడా కొన్నాడు.

ఇంటి గుమ్మంలో భార్య హైమవతి ఎదురైంది. "ఏమండీ, మనింట్లో ఇనుముకి కరువొచ్చిందా?"

ఆయన వినిపించుకోలేదు. సరాసరి వంటింట్లోకెళ్ళి, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, ఆవిరి పట్టించి నన్ను మూత నుంచి విడదీశాడు. వెనకాల అన్నం మరక మిగిలింది. దాన్ని భూతద్దంలో చూసి, "ఇది చారిత్రక మరక" అని తేల్చాడు. ఆ రోజు ఇంట్లో ఇడ్లీ లేదు.

నా కోసం ఒక గది, ఆ గదికి ఏసీ, గోడకి టేకు ఫ్రేము. ఫ్రేములో నలభై అరలు, ముప్పై తొమ్మిదింటిలో కార్డులు, పైన అద్దం. హైమవతి గుమ్మం దగ్గర చెంగుతో చెమట తుడుచుకుంటూ అంది: "వచ్చే జన్మలో నన్ను అట్టముక్కగా పుట్టించమని దుర్గమ్మకి మొక్కుకుంటా. చల్లగా పడుంటా."

నన్ను మాత్రం ఫ్రేములో పెట్టలేదు. దానికి ముహూర్తం ఉంది. దసరా మర్నాడు పాత వస్తువులు పోగేసేవాళ్ళ ప్రదర్శన. పూర్తి సెట్టు, అందులోనూ తిరగబడి అచ్చయిన కార్డు ఎవరికీ లేదు. మొదటి బహుమతి కప్పు తనదేనని కోదండపాణి ధీమా. అది చాలక ఇంకో ఎత్తు వేశాడు. భీమశంకరం రేపల్లెలో బతికే ఉన్నాడని తెలుసుకుని, నలభయ్యో అరలో నన్ను ఆయన చేతే పెట్టించాలని ఫోను చేశాడు. స్పీకరు మోగుతోంది. నా మనిషి గొంతు నేను మొదటిసారి విన్నాను. ముసలి గొంతు.

"ఆ కార్డు నాకు ఇప్పించగలరాండీ?"

"ఇప్పించడమేంటండీ! ఎంత గాలించినా దొరికింది ఇదొక్కటే."

"అది కాదండీ. రాష్ట్రానికి ఆడానంటే మా ఊళ్ళో ఒక్కడూ నమ్మడు. ఉన్న ఫోటో కంపెనీవాళ్ళకిచ్చా, తిరిగి రాలా. టీకొట్టు దగ్గర నన్ను కోతల శంకరం అంటారు. మా ఆవిడ పోయేదాకా అదే పేరుతో ఏడిపించింది. పైకి పోయేలోపు ఒక్కళ్ళకన్నా చూపించాలండీ."

"అందుకేగా పిలుస్తోంది! వచ్చి అరలో పెట్టండి, అందరూ చూస్తారు. చేత్తో మాత్రం ముట్టుకోకండి. గ్లౌజులు నేనిస్తా."

"నా మొహం నేను పట్టుకోవడానికి గ్లౌజులెందుకండీ?"

"చెమటండీ. చేతి చెమట కార్డుకి విషం."

"సరేనండీ" అన్నాడు ముసలాయన. "గ్లౌజులతోనే పెడతా."

దసరా పొద్దున కోదండపాణి షాపులో టైల్స్ కోసే మిషన్లకి పూజ చెయ్యడానికి వెళుతూ, "ఇంట్లో ముఖ్యమైనవి నువ్వు చూసుకో" అని భార్యకి చెప్పాడు. ఆ ఒక్క మాటే ఆయన కొంప ముంచింది. హైమవతి తలస్నానం చేసి, గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. మిక్సీకి బొట్టు. ఫ్రిజ్జుకి బొట్టు. కుట్టుమిషనుకి, గ్యాసు పొయ్యికి, స్కూటీకి బొట్టు. తర్వాత ఏసీ గది. ఫ్రేముకి అద్దం ఉంది కనుక మిగతా ముప్పై తొమ్మిదిమంది దానిచాటున బతికిపోయారు. నేను మఖమల్ పళ్ళెంలో బోర్లా కాదు, వెల్లకిలా ఉన్నాను.

"ఆయన ప్రాణమంతా నీలోనే ఉందిగా" అంటూ ఉంగరం వేలితో గంధం అద్ది, దాని మీద కుంకుమ దిద్దింది. సరిగ్గా భీమశంకరం నుదుటి మీద. చల్లగా ఉంది. నిజం చెప్పాలంటే, నా జన్మలో నాకు జరిగిన మొదటి మర్యాద అది.

మధ్యాహ్నం కోదండపాణి వేసిన కేకకి పక్కవాటావాళ్ళు గ్యాసు లీకయిందనుకుని బయటికి పరిగెత్తారు.

"ఎవరు చేశారిది?"

"నేనే. అన్నిటికీ పెట్టి దీనికి పెట్టకపోతే ఏం బాగుంటుంది?"

"కార్డుకి బొట్టేమిటే!"

"పొద్దున మీ నుదుటన పెడితే ఊరుకున్నారుగా. మీకంటే ఇది గొప్పదా?" అని, ఆయన మొహం చూసి, "గొప్పదే కాబోలు" అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

దూది, పౌడరు, రబ్బరు, రొట్టెముక్క, అన్నీ అయ్యాయి. బొట్టు పోలేదు. నుదుటి మీద ఉన్నది కాస్తా టోపీ దాకా ఎర్రగా పాకింది.

మర్నాడు ప్రదర్శనలో దీపం కాస్త తగ్గించి, నన్ను పళ్ళెంలో ఫ్రేము పక్కన పెట్టాడు కోదండపాణి. చెన్నై నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ముందే భూతద్దం తీశాడు. నన్ను తిరగేశాడు.

"ఈ మరకేమిటి?"

"అన్నమండీ. ఆనాటి పిల్లల జీవితానికి సాక్ష్యం."

"బాగుంది." మళ్ళీ తిరగేశాడు. "ఇది?"

"కుంకుమండీ."

"ఎప్పటిది?"

కోదండపాణి కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. వెనకనుంచి హైమవతి గర్వంగా చెప్పింది: "నిన్నటిది."

"అయితే కార్డు పాడైనట్టే. ఈ సెట్టు ముప్పై తొమ్మిది కిందే లెక్క" అని ఆయన పక్క బల్లకి నడిచాడు. పాత మరకైతే చరిత్ర, కొత్త మరకైతే చెత్త. కప్పు అగ్గిపెట్టె లేబుళ్ళు పోగేసినాయనకి పోయింది.

అందరూ అటు వెళ్ళాక ఇద్దరు ముసలివాళ్ళు చేతిసంచులతో లోపలికి వచ్చారు. బస్సు ఆలస్యమైందట. ఒకాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉన్నాడు. ఎడమ చెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ. రెండో ఆయన యేసుబాబు, రిటైరైన బస్సు కండక్టరు, టీకొట్టులో ప్రధాన ప్రతిపక్షం. సాక్షిగా ఉంటాడని భీమశంకరమే బతిమాలి తీసుకొచ్చాడు.

"గ్లౌజులిప్పిస్తారా అండీ?" అన్నాడు భీమశంకరం చేతులు తుడుచుకుంటూ.

కోదండపాణి నన్ను ఉత్తచేత్తో తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "ఉంచుకోండి. దీనికిక గ్లౌజులు అక్కర్లేదు."

ఆ చేతికి బాగా చెమట పట్టింది. నాకేమీ కాలేదు. యేసుబాబు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు.

"ఎవుడ్రా ఇది?"

"నేనేరా."

"నువ్వెట్టా అవుతావ్? ఈడు ఎడంచేత్తో వేస్తన్నాడు. మచ్చ కూడా ఆ పక్కనుంది. దీనికోసమా నన్ను బస్సులో కుదేసి తెచ్చింది?"

"వెనక పేరు చూడు."

"పేరుదేముందిరా, రేపల్లెలో మేడావోళ్ళు సంతకి సరిపడా ఉన్నారు. కోతల శంకరం, ఇన్నాళ్ళూ నోటితో కోసేవాడివి. ఇప్పుడు అట్ట చూపించి కోస్తన్నావ్."

జీవితమంతా ఎదురుచూసిన సాక్ష్యం చేతికొచ్చి, అబద్ధం చెబుతోంది. ఎక్కడో గవర్నరుపేట సందులో ఒకడు ఫిల్ము తిరగేసిన పాపం ఇప్పుడు ఈ ముసలాయన మెడకి చుట్టుకుంది. నాకు నోరుంటే ఆ క్షణంలో వాడేవాణ్ణి. భీమశంకరం నన్ను చాలాసేపు చూశాడు. కోపగించుకోలేదు.

"రోజూ గడ్డం గీసుకునేటప్పుడు నాకు కనపడేది ఈడేరా" అన్నాడు మెల్లగా. "మీరంతా చూసే మొహం నేనెన్నడూ చూళ్ళా."

యేసుబాబుకి అర్థం కాలేదు. అర్థమైంది హైమవతికి. చేతిసంచిలోంచి చిన్న అద్దం తీసి నా ఎదురుగా పట్టుకుంది. "అన్నయ్యగారూ, కార్డుని కాదు, ఇందులో చూడండి."

అద్దంలో భీమశంకరం కుడిచేత్తో బంతి ఎత్తాడు. పుట్టుమచ్చ ఎడమ చెంపకి వచ్చి కూర్చుంది. బొట్టు మాత్రం ఎటు తిప్పినా మధ్యలోనే ఉంది.

యేసుబాబు అద్దం చూశాడు, పక్కనున్న మనిషిని చూశాడు, మళ్ళీ అద్దం చూశాడు. తల మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఓరి నీ... నిజంగానే వేశావంట్రా!" ఆపైన ఓడిపోయినవాడి కోపంతో అన్నాడు: "ఆ అద్దమేదో మొదటే పట్టకపోయావా? నా సగం జన్మ నిన్ను తిట్టడానికే సరిపోయెగదరా!"

ఇప్పుడు నేను రేపల్లెలో ఉంటున్నాను. వసారా స్తంభానికి మేకు, మేకుకి గడ్డం గీసుకునే అద్దం, దాని చెక్క అంచులో నేను. ఏసీ లేదు. టీకొట్టు జనం అప్పుడప్పుడూ వచ్చి నన్ను అద్దంలో చూసి వెళుతుంటారు. ఇప్పుడు కోతల శంకరం అని ఎవరూ అనరు. అనేవాడు లేక ఆయనకే కాస్త వెలితిగా ఉన్నట్టుంది.

కోదండపాణి గదిలో నా అర ఖాళీగానే ఉందట. వచ్చినవాళ్ళు ఉన్న ముప్పై తొమ్మిదీ వదిలేసి ఆ ఖాళీనే చూస్తున్నారట. మొన్న ఆయన ఫోను చేశాడు. గొంతులో తేనె కారుతోంది. బొట్టున్న కార్డు ప్రపంచంలో ఇదొక్కటేనని ఎవరో పెద్ద కార్డుల కలెక్టరు తేల్చాడట. తిరిగిచ్చేస్తే గౌరవంగా చూసుకుంటాడట.

భీమశంకరం చెంప మీద సబ్బు నురగతో, ఒక చేతిలో రేజరు, ఒక చేతిలో ఫోను పట్టుకుని ఓపిగ్గా అంతా విన్నాడు.

"ఇవ్వడం కుదరదండీ. చూడ్డానికి ఎప్పుడైనా రండి. చేత్తో మాత్రం ముట్టుకోకండి. చెమట."

ఫోను పెట్టేసి రేజరు విదిలించాడు. నురగ చుక్క ఒకటి వచ్చి నా టోపీ మీద పడింది. ఆయన తుడవలేదు, నేనూ కంగారు పడలేదు. కాస్త పాతబడనివ్వండి, అదీ చారిత్రక మరకే అవుతుంది.